అర్పా ఒడ్డున తెలుగు బారిస్టరు

బిలాస్‌పూర్‌లోని ప్రభుత్వ సైన్స్ కళాశాలకు ఒక తెలుగువారి పేరు ఉంది. పట్టణంలోని ఒక సభాభవనానికి కూడా అదే పేరు. ఆయన ఇ. రాఘవేంద్రరావు, ఇంటిపేరు ఎడుపుగంటి. ఛత్తీస్‌గఢ్‌లో పాత తరం వారికి బారిస్టర్ రాఘవేంద్రరావు అంటేనే తెలుస్తుంది. మధ్యపరగణాల ప్రభుత్వంలో మంత్రి, తాత్కాలిక గవర్నరు, కొద్ది నెలలు ప్రధాని, లండన్‌లో భారత వ్యవహారాల మంత్రికి సలహాదారు, ఢిల్లీలో వైస్రాయి కార్యనిర్వాహక మండలి సభ్యుడు. ఇన్ని పదవులు నిర్వహించిన ఆయనను ఆంధ్రదేశం దాదాపుగా మరచిపోయింది.

ఆ పదవులన్నిటిలోకీ చిన్నది బిలాస్‌పూర్ పురపాలక సంఘ అధ్యక్ష పదవి. ఆయన 1916లో ఆ బాధ్యత చేపట్టారు. అప్పటికి వయస్సు 27 ఏళ్లు. రెండేళ్లు తిరగకుండానే ప్రపంచాన్ని చుట్టిన ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి రైలెక్కి ఆ పట్టణానికి చేరుకుంది. రాఘవేంద్రరావు జీవితాన్ని సాధారణంగా గవర్నరు పదవి దగ్గర మొదలుపెట్టి చెబుతారు. ఆ చిన్న కుర్చీ దగ్గర మొదలుపెడితే ఆ జీవితం వేరుగా కనిపిస్తుంది.

ఆయన 1889 ఆగస్టు 4న నాగపూర్ సమీపంలోని కాంప్టీలో జన్మించారు. కాంప్టీ అంటే సైనిక కంటోన్మెంటు. 1821లో ఏర్పడిన ఆ శిబిరంలో చాలా కాలం మద్రాసు సైన్యానికి చెందిన దళాలే ఉండేవి. సిపాయిల వెంట సరుకులు అమ్మేవారు, గుత్తేదార్లు, వంటవారు, గుమాస్తాలు దక్షిణాది నుంచి తరలివచ్చారు. కన్హాన్ నది ఒడ్డున తెలుగు, తమిళం వినిపించే వీధులు అలా ఏర్పడ్డాయి. రాఘవేంద్రరావుది వ్యాపార కుటుంబం. ఆ కుటుంబం తరువాత తూర్పుకు, బిలాస్‌పూర్‌కు మారింది. ఆయన చదువు అక్కడే మొదలైంది. ఆపై ఇంగ్లండు వెళ్లి బారిస్టరై, 1914లో తిరిగివచ్చి, నాగపూర్‌లోనో కలకత్తాలోనో కాక బిలాస్‌పూర్‌లోనే న్యాయవాదిగా స్థిరపడ్డారు.

బిలాస్‌పూర్ అప్పటికి పెద్ద పట్టణం కాదు. 1901 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ఉన్నది 18,937 మంది. బిలాసా అనే జాలరి స్త్రీ పేరు మీద ఊరికి ఆ పేరు వచ్చిందని స్థానికుల నమ్మకం. పురపాలక సంఘం 1867లో ఏర్పడింది. కానీ పట్టణం రూపురేఖలు మార్చింది పురపాలక సంఘం కాదు, బెంగాల్ నాగపూర్ రైల్వే. 1890ల ఆరంభానికల్లా నాగపూర్ నుంచి ఆసన్‌సోల్ వైపు వెళ్లే ప్రధాన మార్గం, కట్నీకి వెళ్లే శాఖ ఇక్కడ కలిశాయి. 1900లో ఖరగ్‌పూర్ మీదుగా హౌరాకు దారి తెరుచుకుంది. బియ్యం, లక్క, బొగ్గు, మనుషులు అన్నీ ఈ కూడలి దాటి పోవలసిందే. నేడు ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రం బిలాస్‌పూర్‌లో ఉండడానికి మూలం అక్కడుంది.

అదే కంపెనీ చేతికి 20వ శతాబ్దం తొలి ఏళ్లలో కటకం నుంచి వాల్తేరు దాకా ఉన్న తూర్పు కోస్తా మార్గం కూడా వచ్చింది. దానితో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల వారికి రైల్వే కొలువు అంటే బి.ఎన్.ఆర్. కొలువే అయింది. గ్యాంగ్‌మన్, ఖలాసీ, పాయింట్స్‌మన్, ఫైర్‌మన్, షంటర్ పనుల్లో చేరిన తెలుగువారు ఖరగ్‌పూర్, చక్రధర్‌పూర్, బిలాస్‌పూర్, రాయపూర్ రైల్వే కాలనీల్లో తరతరాలుగా స్థిరపడ్డారు. నేటికీ బిలాస్‌పూర్ రైల్వే ప్రాంతంలో సంక్రాంతికి ముగ్గులు పెట్టే ఇళ్లు ఉన్నాయి. ఈ కార్మికుల తెలుగుకూ, కాంప్టీ మీదుగా వచ్చిన బారిస్టరు కుటుంబపు తెలుగుకూ మధ్య దూరం ఉండేది. ఒకరు మద్రాసు పల్టన్ల బాట పట్టి వచ్చినవారు, మరొకరు ఇనుప పట్టాల వెంట వచ్చినవారు. వీరు చేరింది ఒక ఊరికే అయినా, ఆ ఊరిని పాలించే చేతులు మాత్రం రెండు.

ఆ సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. రైల్వే కాలనీ కంపెనీ సొంత నేల. దాని రోడ్లు, నీటి సరఫరా, వైద్యులు, పారిశుద్ధ్యం అన్నీ కంపెనీ చూసుకునేది. కాలనీ లోపల కూడా మెట్లు ఉండేవి. యూరోపియన్ అధికారులకు విశాలమైన ఆవరణల్లో బంగళాలు, ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లకు, గార్డులకు వరండాలున్న ఇళ్లు, దిగువ శ్రేణి ఉద్యోగులకు వరుసగా కట్టిన ఒంటిగది లైన్లు. ఇక కంపెనీ పుస్తకాల్లో పేరు లేని రోజు కూలీ, ఇటుకలు మోసే స్త్రీ, స్టేషను బయట చిరుతిళ్లు అమ్మే ముసలామె ఆ నేల మీద పని చేస్తారే కానీ ఆ నీళ్లు తాగడానికి హక్కుదారులు కారు. వారు రాత్రికి చేరేది అర్పా నది ఒడ్డున ఉన్న పాత ఊరికి, గుడిసెల వాడలకు. అంటే పురపాలక సంఘం పరిధిలోకి. రైలు వల్ల వచ్చే ఆదాయం కంపెనీకి చేరేది. రైలు మీద వచ్చే జబ్బు మాత్రం ఏ హద్దునూ లెక్కచేయదు.

ఆ జబ్బు 1918లో వచ్చింది. మొదటి విడత జూన్‌లో బొంబాయి రేవులో కనిపించింది. రేవు పోలీసులు, ఓడల్లో, డాకుల్లో పనిచేసేవారు ముందుగా పడకేశారు. ఆ విడత జ్వరం చాలామందికి మూడు నాలుగు రోజుల్లో నయమయ్యేది. రెండవ విడత సెప్టెంబరులో మొదలై, అక్టోబరు, నవంబరు నెలల్లో మధ్యభారతాన్ని ఊడ్చివేసింది. జ్వరంతో పాటు ఊపిరితిత్తులు దెబ్బతిని, రోజుల వ్యవధిలో ప్రాణం పోయేది. బలమైన వయస్సులో ఉన్నవారే ఎక్కువగా చనిపోయారు. వ్యాధి దేశం లోపలికి పాకడంలో రైలు మార్గాలది ముఖ్య పాత్ర అని నాటి ప్రభుత్వ ఆరోగ్యాధికారులే తేల్చారు. పడమటి రేవు నుంచి నాగపూర్‌కు, నాగపూర్ నుంచి తూర్పుకు సాగే ప్రధాన మార్గం మీదే బిలాస్‌పూర్ ఉంది.

ఆ ఏడాది నైరుతి రుతుపవనాలు కూడా విఫలమయ్యాయి. వరి మీద బతికే ఛత్తీస్‌గఢ్ మైదానానికి ఇది గోరుచుట్టుపై రోకటిపోటు. యుద్ధం వల్ల అప్పటికే ధాన్యం, బట్ట, కిరోసిన్ ధరలు పెరిగాయి. సైన్యానికి తరలిపోవడంతో జిల్లాల్లో వైద్యులు తక్కువయ్యారు. బిలాస్‌పూర్ ప్రాంతానికి మరో ప్రత్యేకత ఉంది. ఇక్కడి నిరుపేదలు ఝరియా బొగ్గు గనులకు, అస్సాం తేయాకు తోటలకు, జంషెడ్‌పూర్ ఇనుప కర్మాగారానికి వలస పోతుండేవారు. తూర్పున ఏ కూలీ బస్తీకి వెళ్లినా బిలాస్‌పురియాలనే పేరుతో ఒక వాడ కనిపించేది. జ్వరం వచ్చినప్పుడు కూలివాడు చేసేది ఒకటే, ఇంటిదారి పట్టడం. రైలు దిగి, నడిచి, పల్లె చేరేలోగా ఎందరో నేలకొరిగారు. చేరినవారు జ్వరాన్ని వెంట తీసుకుపోయారు.

మధ్యపరగణాలంటే నేటి ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్‌లోని మహాకోసలం, మహారాష్ట్రలోని విదర్భ కలిసిన రాష్ట్రం. బ్రిటిష్ ఇండియాలోని పెద్ద రాష్ట్రాలలో ఈ మహమ్మారికి అత్యధికంగా బలైన వాటిలో ఇది ముందు వరుసలో నిలిచింది. కొద్ది నెలల్లోనే ప్రతి వెయ్యిమందిలో 50 మందికి పైగా మరణించారు. అదే కాలంలో మద్రాసు రాష్ట్రంలో మరణాల రేటు ఇందులో ఎంతో తక్కువ. మధ్యపరగణాల్లో చావుపుట్టుకలను పోలీసు ఠాణాకు తెలియజేసేది కోట్వార్ అనే గ్రామ సేవకుడు. ఆ కోట్వార్లే మంచం పట్టినప్పుడు లెక్క రాసేవారు లేరు. కనుక నమోదైన సంఖ్యలు కూడా కనీసపు లెక్కలే. దేశం మొత్తం మీద తొలుత 60 లక్షల మరణాలని అంచనా వేశారు. తరువాతి పరిశోధకులు ఆ సంఖ్య కోటి దాటిందనీ, కోటీ 70 లక్షల వరకూ ఉండవచ్చనీ లెక్కగట్టారు.

ఈ చావు అందరినీ సమానంగా చూడలేదు. బొంబాయి నగరపు ఆరోగ్యాధికారి లెక్కలు దీనికి తిరుగులేని సాక్ష్యం. అక్కడ యూరోపియన్లలో వెయ్యికి 8.3 మంది, పార్సీల్లో 9 మంది చనిపోగా, ఇతర హిందువుల్లో 18.9, ముస్లింలలో 19.2 మంది మరణించారు. అట్టడుగు కులాల హిందువుల్లో ఆ సంఖ్య 61.6. ఒకే నగరం, ఒకే గాలి, ఒకే జబ్బు. తేడా వచ్చింది గదిలో ఎంతమంది పడుకున్నారు, మంచం పట్టినవారికి గంజి కాచి పోసేవారు ఉన్నారా, పనికి పోకపోతే మర్నాడు పొయ్యి వెలుగుతుందా అన్న చోట. పురుషులకంటే స్త్రీలు ఎక్కువగా చనిపోయారని 1921 జనాభా లెక్కల అధికారులు గమనించారు. జబ్బుపడ్డవారికి సేవ చేసేది వారే, చివరగా తినేదీ వారే. బిలాస్‌పూర్ జిల్లాలో సత్నామీలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. కులం పేరుతో ఊరి బావికి దూరంగా ఉంచబడిన ఆ సమాజానికి బొంబాయి లెక్కల అర్థం ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

ఇలాంటి సమయంలో పురపాలక సంఘ అధ్యక్షుని చేతిలో ఉన్నవి ఏమిటి? మధ్యపరగణాల పురపాలక సంఘాలకు ప్రధాన ఆదాయం ఆక్ట్రాయి, అంటే ఊరిలోకి వచ్చే సరుకుల మీద వేసే సుంకం. జబ్బు వ్యాపించి బజారు మూతపడితే సరుకు రాదు. సరుకు రాకపోతే సుంకం లేదు. ఖర్చు పెరిగే నెలలోనే ఖజానా ఎండిపోయే విచిత్రమైన ఏర్పాటు ఇది. సుంకం భారం కూడా చివరకు బియ్యం, ఉప్పు, నూనె కొనే పేదవాడి మీదే పడుతుంది. ఇక ఉన్నది ఒక ఆసుపత్రి, కొద్దిమంది వైద్య సిబ్బంది, బావుల్లో వేసే పొటాషియం పర్మాంగనేటు. కలరాకు పనికివచ్చే ఆ ఊదారంగు మందు ఇన్‌ఫ్లుయెంజాకు పనికిరాదు. పనికివచ్చే మందు ఆనాడు ప్రపంచంలో ఎక్కడా లేదు. రోగులకు పాలు, గంజి, దుప్పటి, శుభ్రమైన నీరు, పక్కన ఒక మనిషి. ఇవే ప్రాణాలు నిలిపాయి. దేశంలో చాలా పట్టణాల్లో ఆ పని చేసింది స్వచ్ఛంద సంఘాలు, విద్యార్థులు, కుల సమాజాలు.

పురపాలక సంఘానికి మరో బలగం ఉండేది. నాడు పాకీ పనివారని, మెహతర్లని పిలిచిన పారిశుద్ధ్య కార్మికులు. వీధులు ఊడ్చి, మరుగుదొడ్లు చేత్తో శుభ్రం చేసి, దిక్కులేని శవాలను తరలించేది వారే. పట్టణంలో అందరికంటే తక్కువ జీతం వారిది, అందరికంటే దూరపు వాడ వారిది. వారు నాలుగు రోజులు పనికి రాకపోతే బారిస్టరు ఇంటి ముందు వీధి కూడా నరకమవుతుంది. అధ్యక్షుడు నేర్చుకోవలసిన మొదటి పాఠం చట్టంలో లేదు, ఇక్కడ ఉంది. శ్మశానాల్లో కట్టెలు చాలక నదుల్లో శవాలను వదిలిన సంఘటనలు దేశమంతటా నమోదయ్యాయి.

రాఘవేంద్రరావు ఆ కుర్చీని 1927 వరకు వదలలేదు. జిల్లా కౌన్సిల్ అధ్యక్ష పదవి కూడా కొన్నేళ్లు నిర్వహించారు. ఈ పట్టుదల గమనించదగ్గది. లండన్‌లో చదివిన న్యాయవాదికి నాగపూర్ శాసనమండలిలో స్థానం గౌరవప్రదం. కాలువలు, బడులు, దీపస్తంభాల గురించి తగవులు తీర్చడం కాదు. పైగా ఈ పదేళ్లలో స్థానిక స్వపరిపాలన చట్టాలే మారిపోయాయి. 1920లో జిల్లా కౌన్సిళ్ల చట్టం, 1922లో పురపాలక సంఘాల చట్టం వచ్చి, ఎన్నికైన సభ్యులకు మునుపటి కంటే ఎక్కువ అధికారం ఇచ్చాయి. అధికారం ఇచ్చారు కానీ దానికి తగ్గ డబ్బు ఇవ్వలేదు. రైల్వే కాలనీ మునుపటిలాగే కంపెనీ చేతిలోనే ఉంది.

ఇదే లోపం రాష్ట్ర స్థాయిలోనూ కనిపించింది. 1919 సంస్కరణలు తెచ్చిన ద్వంద్వ ప్రభుత్వంలో ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, విద్య, స్థానిక సంస్థలు భారతీయ మంత్రులకు దక్కాయి. ఆర్థికం, భూమిశిస్తు, పోలీసు గవర్నరు చేతిలో ఉండిపోయాయి. మహమ్మారి వెళ్లిన మరుసటి ఏడాదే చేసిన ఈ పంపకాన్ని చూస్తే, చావుల బాధ్యత ఒకరికి, తాళంచెవి మరొకరికి ఇచ్చినట్టే అనిపిస్తుంది.

ఆయన రాజకీయ జీవితం ఈ తాళంచెవి కోసం సాగిన ప్రయాణమని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఒప్పుకోనివారు ఉండవచ్చు. మొదట ఆయన స్వరాజ్య పక్షంలో ప్రముఖులు. 1923 ఎన్నికల్లో మధ్యపరగణాల శాసనమండలిలో ఆ పక్షానికి ఆధిక్యం వచ్చింది. మంత్రి పదవులు తీసుకోరాదు, ద్వంద్వ ప్రభుత్వాన్ని లోపలి నుంచి స్తంభింపజేయాలి అన్నది వారి విధానం. కొంతకాలానికి పక్షంలో చీలిక వచ్చింది. పదవులు స్వీకరించి చేయగలిగింది చేయాలన్న వారి వైపు రాఘవేంద్రరావు మొగ్గారు. 1926 ఎన్నికల తరువాత మంత్రి అయ్యారు. పదవీకాలంలో ఒడుదొడుకులు వచ్చినా ముందుకే సాగారు. 1930లో గవర్నరు కార్యనిర్వాహక మండలిలో హోం సభ్యులయ్యారు.

1930 అంటే శాసనోల్లంఘన సంవత్సరం. మధ్యపరగణాల్లో అడవి సత్యాగ్రహాలు సాగాయి. నిన్నటి సహచరులు జైళ్లకు వెళ్తుంటే, పోలీసు శాఖ బాధ్యత ఆయన మీద ఉంది. జాతీయవాదులు దీనిని క్షమించలేదు. క్షమించవలసిన అవసరమూ లేదు. 1933 నవంబరు 25న గాంధీజీ హరిజన యాత్రలో భాగంగా బిలాస్‌పూర్ వచ్చారు. ఊడ్చేవారి వాడల గురించి, అంటరానితనం గురించి మాట్లాడడానికి ఆయన వచ్చిన ఆ పట్టణాన్ని ఏళ్ల తరబడి పాలించిన వ్యక్తి ఆ సమయంలో ప్రభుత్వ పక్షాన ఉన్నారు. అదే బి.ఎన్.ఆర్. కార్మికులను సంఘటితం చేసి, 1920ల చివర ఖరగ్‌పూర్ సమ్మెల కాలంలో వారి పక్షాన నిలిచిన వి.వి. గిరి కూడా తెలుగువారే, బరంపురం వాసి. ఒకే రైలు మార్గం మీద ఇద్దరు తెలుగు బారిస్టర్లు రెండు వేరు దారులు ఎంచుకున్నారు. కార్మికుల జ్ఞాపకంలో గిరిగారి పేరే నిలిచింది.

1936లో గవర్నరు సెలవుపై వెళ్లినప్పుడు రాఘవేంద్రరావు సుమారు నాలుగు నెలలు తాత్కాలిక గవర్నరుగా ఉన్నారు. సరిగ్గా అదే ఏడాది మద్రాసులో కూర్మా వెంకటరెడ్డి నాయుడు తాత్కాలిక గవర్నరయ్యారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో రాష్ట్రాలకు స్వయంప్రతిపత్తి వచ్చినప్పుడు, ఎన్నికల్లో గెలిచిన కాంగ్రెస్ ప్రభుత్వాలు ఏర్పాటు చేయడానికి తొలుత నిరాకరించింది. ఆ మూడున్నర నెలల పాటు నాగపూర్‌లో రాఘవేంద్రరావు, మద్రాసులో వెంకటరెడ్డి నాయుడు ప్రధానులుగా ఉన్నారు. ఇరుగుపొరుగు రాష్ట్రాలను ఇద్దరు తెలుగువారు ఏకకాలంలో నడిపిన ఈ విశేషాన్ని మన చరిత్ర పుస్తకాలు పెద్దగా పట్టించుకోలేదు. జూలైలో కాంగ్రెస్ మంత్రివర్గాలు రాగానే ఇద్దరూ తప్పుకున్నారు. శాసనసభ బలం లేని ఆ మంత్రివర్గాలకు ప్రజల ఆదరణా లేదు. 1939లో ఆయన భారత వ్యవహారాల మంత్రికి సలహాదారుగా లండన్ వెళ్లారు.

అక్కడ ఉండగా లండన్ మీద జర్మన్ బాంబులు పడ్డాయి. ఆ నగరంలోనూ ఎక్కువగా దెబ్బతిన్నది రేవుల పక్కన కార్మికులు నివసించే ఈస్ట్ ఎండ్ ప్రాంతమే. 1941లో వైస్రాయి లిన్‌లిత్‌గో తన కార్యనిర్వాహక మండలిని విస్తరించినప్పుడు రాఘవేంద్రరావుకు పౌర రక్షణ శాఖ అప్పగించారు. విమాన దాడుల హెచ్చరికలు, కందకాలు, దీపాల ఆర్పివేత, మంటలార్పే దళాలు, ప్రథమ చికిత్స కేంద్రాలు, నగరాలు ఖాళీ చేయించే పథకాలు ఆ శాఖ పని. బిలాస్‌పూర్‌లో 18 వేల చిల్లర జనాభాతో మొదలైన పని ఇప్పుడు కలకత్తా, మద్రాసు, విశాఖపట్నం అంత పెద్దదైంది. ప్రశ్న మాత్రం మారలేదు. ఆపద వచ్చినప్పుడు ఊరు విడిచి పోగలిగేవారు ఎవరు, ఉండిపోయేవారు ఎవరు?

1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. 1942 మార్చిలో ఆ నగరం చేజారింది. రంగూన్ రేవులో, బియ్యం మిల్లుల్లో పనిచేసే తెలుగువారు లక్షల కాందిశీకుల్లో కలిసి కొండలు, అడవులు దాటి నడిచి వచ్చారు. దారిలో కలరా, మలేరియా, ఆకలి వారిని వెంటాడాయి. తెల్లవారికి ఒక దారి, నల్లవారికి వేరొక దారి కేటాయించారన్న ఆరోపణ దేశాన్ని కలచివేసింది. ఓడల్లో, విమానాల్లో చోటు దొరికింది డబ్బూ హోదా ఉన్నవారికే. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. విశాఖ వీధులు ఖాళీ అయ్యాయి. మద్రాసులోనూ అదే నెలలో జనం రైళ్లకు, బళ్లకు ఎగబడ్డారు. పల్లెలో సొంత ఇల్లు, పొలం, చుట్టాలు ఉన్నవారు వెళ్లిపోయారు. రేవు కూలీ, రిక్షా లాగేవాడు, పారిశుద్ధ్య కార్మికుడు ఉండిపోయారు, లేదా చేతిలో పైసా లేకుండా నడకదారి పట్టారు.

ఆ నడక మన తరానికీ కొత్త కాదు. 2020 మార్చి 22 నుంచి దేశంలో ప్రయాణికుల రైళ్లు నిలిచిపోయాయి. 25 నుంచి లాక్‌డౌన్ అమలైంది. బిలాస్‌పూర్ జిల్లా నుంచి ఇటుక బట్టీలకు, భవన నిర్మాణాలకు వలస వెళ్లిన కుటుంబాలు హైదరాబాద్, గుజరాత్, ఉత్తరాది నగరాల్లో చిక్కుకుపోయాయి. మే 1న తొలి శ్రామిక్ రైలు తెలంగాణలోని లింగంపల్లి నుంచి ఝార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. కొద్ది రోజులకు బిలాస్‌పూర్‌కు కూడా అలాంటి రైళ్లు చేరాయి. స్టేషనులో దిగినవారిని పరీక్షించి, బస్సుల్లో తమ తమ గ్రామాల క్వారంటైన్ కేంద్రాలకు తరలించారు. రైల్వే తన పెట్టెలను ఐసొలేషన్ వార్డులుగా మార్చింది. 1918లో హద్దు గోడకు అటూ ఇటూ ఉండిపోయిన రెండు వ్యవస్థలు ఈసారి ఒకే ప్లాట్‌ఫారం మీద నిలబడి పనిచేశాయి. ఇది చిన్న మార్పు కాదు. అయితే నగరాలను కట్టినవారు అదే నగరాల్లో నెల రోజులు తల దాచుకోలేకపోయారన్నది కూడా అంతే నిజం.

రాఘవేంద్రరావును ఎలా అంచనా వేయాలి? ఉద్యమం వైపు నుంచి చూస్తే ఆయన తప్పు ఒడ్డున నిలిచారు. జైలుకు వెళ్లినవారి పేర్లు వీధులకు, కూడళ్లకు పెట్టుకున్న దేశంలో ఆయన పేరు ఒక కళాశాలకు, ఒక సభాభవనానికి దక్కడమే ఆశ్చర్యం. బిలాస్‌పూర్ ఆ గౌరవం ఇచ్చింది గవర్నరుకు కాదనిపిస్తుంది. పదకొండేళ్లు తమ కాలువలు, బావులు, బడుల లెక్కలు చూసిన మనిషికి ఇచ్చింది. ఎక్కడి నుంచో వచ్చిన తెలుగు కుటుంబపు కుర్రవాడిని ఆ పట్టణం తన అధ్యక్షునిగా ఎన్నుకుంది. ప్రాంతం పేరుతో మనుషులను వేరు చేయడం ఎక్కువవుతున్న కాలంలో ఈ సంగతి గుర్తుంచుకోదగినది. కానీ ఆయన మెట్టు మెట్టుకూ ఎక్కిన అధికారం ఎప్పుడూ పూర్తి అధికారం కాలేదు. పురపాలక సంఘంలో రైల్వే నేల ఆయనది కాదు, మంత్రిగా ఖజానా ఆయనది కాదు, పౌర రక్షణ సభ్యునిగా సైన్యం ఆయనది కాదు. ఆ లోటు ఎక్కువగా ఎవరి మీద పడిందో బొంబాయి లెక్కల్లోని 61.6 అనే సంఖ్య చెబుతుంది.

1942 జూన్ 15న ఆయన ఢిల్లీలో కన్నుమూశారు. వయస్సు 52 ఏళ్లు. విశాఖపట్నం మీద బాంబులు పడి పది వారాలే అయింది. క్విట్ ఇండియా తీర్మానానికి ఇంకా ఎనిమిది వారాలు ఉంది. జూలైలో వైస్రాయి తన మండలిని మళ్లీ విస్తరించారు. కార్మిక శాఖ డాక్టర్ అంబేద్కర్‌కు, రాఘవేంద్రరావు మరణంతో ఖాళీ అయిన పౌర రక్షణ శాఖ సర్ జె.పి. శ్రీవాస్తవకు దక్కాయి. ఆ డిసెంబరులో కలకత్తా మీద తొలి బాంబులు పడ్డాయి. బళ్లు తోలేవారు, మూటలు మోసేవారు, వీధులు ఊడ్చేవారు పెద్ద సంఖ్యలో ఊరు వదిలి నడిచి పోయారు. వారిని వెనక్కి రప్పించి పనిలో నిలపడానికి ప్రభుత్వం, పరిశ్రమల యజమానులు చౌక ధరకు ధాన్యం సమకూర్చే ఏర్పాట్లు చేశారు.